పిడికెడు గింజల కేసును చదవడం ఎలా

తిరుపతిలో పీజీ పిల్లలకు చరిత్ర చెబుతూ పందొమ్మిదేళ్ళయింది. ప్రతి ఏడూ ఇద్దరో ముగ్గురో వచ్చి, "మేడమ్, పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ పల్లెల్లో వ్యవసాయ కూలీల చిల్లర దొంగతనాల మీద ప్రాజెక్టు చేస్తాం" అంటారు. ఆ కాలపు కోర్టు కాగితాలూ పత్రికలూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో చాలానే దొరుకుతాయి. హాస్టల్ గదిలో కూర్చుని చేసుకోవచ్చు. విషయం మంచిదే. కానీ నెల తిరిగేసరికి అందరూ ఒకేలాంటి కాగితం తెస్తారు. ఏ ఏడు ఎన్ని కేసులు, కింద ఒక గ్రాఫ్, ఆ కింద "నేరాలు పెరిగాయి" అని ఒక వాక్యం.

ఆ గ్రాఫ్ పక్కన పెట్టమంటాను. ముందు ఒకే ఒక్క పద్దు తీసుకుని వారం రోజులు దానితోనే కూర్చోమంటాను. ఎలా కూర్చోవాలో ఇక్కడ రాస్తున్నాను. క్లాసులో ముప్పావు గంటలో ఇదంతా చెప్పడం ఎప్పుడూ కుదరలేదు.

పాఠం కోసం నేనే కట్టిన నమూనా పద్దు ఇది. అసలువి కూడా దాదాపు ఇంత పొట్టిగానే ఉంటాయి.

"జనవరి 1845. కూలి, వయసు 34. యజమాని కొట్టంలోంచి అర పెక్ బార్లీ, విలువ 6 పెన్నీలు, దొంగిలించినట్టు అభియోగం. రుజువైంది. ఆరు వారాల కఠిన శిక్ష."

ముందు గింజలు కొలవండి

పెన్నీలు, పెక్కులు చూసి కంగారు పడొద్దు. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. పాత కాగితాల్లో పెన్నీకి 'డి' అక్షరం వేస్తారు. అది రోమన్ నాణెం డెనారియస్ పేరు నుంచి వచ్చింది. నాలుగు పెక్కులు ఒక బుషెల్, పెక్కుకు రెండు గ్యాలన్లు. అంటే అర పెక్ ఒక గ్యాలన్, నాలుగున్నర లీటర్లు. బార్లీ అయితే మూడు కిలోలకు కాస్త తక్కువ తూగుతుంది. ఒక సంచి తెచ్చి అన్ని గింజలు పోసి చేత్తో ఎత్తి చూడండి. ఈ పని నిజంగా చేయమనే చెబుతున్నాను. పోయినేడు ఒకమ్మాయి హాస్టల్ వంటగదిలో బియ్యంతో చేసి వచ్చి, "మేడమ్, ఇది నలుగురున్న ఇంటికి రెండు రోజులకు కూడా రాదు" అంది. ఆమె ప్రాజెక్టు అక్కడే మొదలైంది.

తరువాత కూలి ఎంతో చూడాలి. ఏ కౌంటీ (అంటే అక్కడి జిల్లా), ఏ సంవత్సరం అని వెతికి పట్టుకోవాలి, ఎందుకంటే ఉత్తరాన ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్న ఊళ్ళలో కూలి ఎక్కువ, దక్షిణాన తక్కువ. అందరికీ తెలిసిన లెక్క డోర్సెట్ కౌంటీలోని టాల్‌పడల్ ఊరిది. అక్కడ వారం కూలి 9 షిల్లింగుల నుంచి 8కి, 8 నుంచి 7కి తగ్గింది. 6 చేస్తామన్నారు. సంఘం కట్టుకున్న ఆరుగురు కూలీలకు 1834లో ఏడేళ్ళ ద్వీపాంతరవాసం వేశారు. చట్టవిరుద్ధంగా ప్రమాణం చేయించారన్నది వాళ్ళ మీద నేరం. ఆ 7 షిల్లింగుల లెక్కే తీసుకుంటే వారానికి 84 పెన్నీలు, ఆరు రోజులకు పంచితే రోజుకు 14. మన పద్దులోని బార్లీ సగం రోజు కూలి కూడా కాదు. శిక్ష ఆరు వారాలు. ఈ రెండు అంకెలనూ మీ నోట్సులో ఒకే వరుసలో పక్కపక్కన రాయండి.

మన పిల్లలు తెలుగులో తప్పుదారి పట్టే చోటు ఒకటుంది. ఆ కాగితాల్లో 'ఫార్మర్' అని ఉంటే వెంటనే 'రైతు' అని రాసేస్తారు. మనకు రైతు అంటే రెండెకరాల మెట్ట, ఒక బోరు, బ్యాంకు అప్పు ఉన్న మనిషి గుర్తొస్తాడు. అక్కడి ఫార్మర్ వేరు. భూమి ఒక పెద్ద భూస్వామిది. దాన్ని వందల ఎకరాల లెక్కన కౌలుకు తీసుకుని కూలీలను పెట్టి సేద్యం చేయించేవాడు ఫార్మర్. అలాగని 'కౌలుదారు' అని రాసినా చెడిపోతుంది, మన దగ్గర కౌలుదారు అంటే ఉన్నవాళ్ళలోకెల్లా బీదవాడు. 'పెద్ద సేద్యగాడు' అని రాసి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరించండి. మూడో మెట్టు కూలి. చాలాచోట్ల అతని ఇల్లు కూడా యజమానిదే. పని పోతే ఇల్లూ పోతుంది.

ఏ కోర్టు, ఏ సంవత్సరం

నేను గ్రాఫ్‌ను పక్కన పెట్టమన్నది దీనికే. క్వార్టర్ సెషన్స్ అనే కోర్టు ఏడాదికి నాలుగుసార్లు కూర్చునేది, అక్కడ జ్యూరీ ఉంటుంది. పెట్టీ సెషన్స్‌లో జ్యూరీ లేదు, ఊరి చుట్టుపక్కల ఉండే మేజిస్ట్రేట్లే విని తేల్చేస్తారు. 1827 దాకా 12 పెన్నీల లోపు దొంగతనం ఒక రకం, అంతకు మించితే ఇంకొక రకం. ఆ ఏడు ఆ తేడా తీసేశారు. 1847లో 14 ఏళ్ళ లోపు పిల్లల కేసులను మేజిస్ట్రేట్లకు అప్పగించారు, 1850లో ఆ వయసు 16కి పెంచారు. 1855లో పెద్ద మార్పు వచ్చింది. 5 షిల్లింగులు మించని దొంగతనమైతే, ముద్దాయి ఒప్పుకుంటే, జ్యూరీ లేకుండానే మేజిస్ట్రేట్లు మూడు నెలల దాకా శిక్ష వేయవచ్చు.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. క్వార్టర్ సెషన్స్ పుస్తకాలు మాత్రమే లెక్కపెట్టే విద్యార్థికి 1855 తరువాత పల్లె దొంగతనాలు ఒక్కసారిగా తగ్గినట్టు కనిపిస్తాయి. అవి తగ్గలేదు, పక్క గదిలోకి మారాయి. పక్క గది పుస్తకాలు చాలాచోట్ల సరిగ్గా మిగల్లేదు. 1856 తరువాత ప్రతి కౌంటీలోనూ పోలీసులను పెట్టడం తప్పనిసరి అయింది కాబట్టి పట్టుబడేవాళ్ళూ పెరిగారు. ఒక మార్పు గీతను కిందికి లాగుతుంటే ఇంకొకటి పైకి లాగుతుంది. కాబట్టి గ్రాఫ్ గీసేముందు ఈ సంవత్సరాలను నిలువు గీతలుగా గీసుకోండి.

మన కొత్త న్యాయ సంహిత 2024 జూలైలో అమల్లోకి వచ్చింది. 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, వస్తువు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్ష వేయమంటోంది. దాన్ని చదివిన రోజు నాకు ఆ 5 షిల్లింగులే గుర్తొచ్చాయి.

నేలలో ఉందా, పీకేశారా

టర్నిప్ దుంపల కేసు దొరికితే మొదట చూడాల్సింది ఇదే. ఇంగ్లండ్ పాత న్యాయం ప్రకారం నేలకు అంటుకుని ఉన్నది భూమిలో భాగం, దాన్ని దొంగిలించడం కుదరదు. పీకి కుప్ప వేసిన దుంప మాత్రం సామాను, అది తీస్తే మామూలు దొంగతనం. చేలో పెరుగుతున్న దుంపను పీకినవాడికి శిక్ష వేయాలంటే ప్రత్యేక చట్టాలు కావలసి వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దంలోనే అవి పుట్టాయి, 1861 దొంగతనాల చట్టంలోనూ వేరే సెక్షన్లుగా కూర్చున్నాయి. అదే దుంప, అదే ఆకలి. కానీ కోర్టు వేరు, శిక్ష వేరు. పద్దులో 'పెరుగుతున్న' అన్న మాట ఉందా లేదా అని కళ్ళు చించుకుని చూడండి.

మనకు 1860లో ఇచ్చిన శిక్షాస్మృతి ఈ గొడవ లేకుండా చేసింది. 378వ సెక్షన్ కింద మొదటి ఉదాహరణే ఒకరి నేలలోని చెట్టును ఇంకొకరు నరకడం గురించి. తీసుకుపోవాలని నరికిన క్షణంలోనే దొంగతనం అయిపోయిందని చెబుతుంది. అదే చట్టంలో పనివాడు యజమాని సొమ్ము తీస్తే ఏడేళ్ళ దాకా శిక్ష వేయవచ్చని 381వ సెక్షన్ వేరే పెట్టారు.

ఎవరు మాట్లాడుతున్నారు

పద్దులో యజమాని మాట ఉంటుంది, కానిస్టేబుల్ మాట ఉంటుంది. తీర్పు చెప్పే మేజిస్ట్రేట్ భూమి ఉన్న పెద్దమనిషో చర్చి ఫాదరో అయి ఉంటాడు. ముద్దాయి తన కేసులో తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే హక్కు అందరికీ వచ్చింది 1898లో. అంటే మన 1845 కూలి గొంతు ఎక్కడో మూలన వెతకాలి. వాంగ్మూలాలు మిగిలి ఉంటే అక్కడ దొరుకుతుంది. కానిస్టేబుల్ ఇల్లు సోదా చేసినప్పుడు అతను అన్న ఒకటి రెండు మాటలను ఆ కానిస్టేబులే చెబుతాడు. "దారిలో దొరికాయి", "అయ్య తీసుకోమన్నాడు", "ఊడ్చిన గింజలే కదా, అందరూ తీసుకుంటారు." ఇలాంటి మాటలు కనిపిస్తే అబద్ధమని దాటేయకండి. ఆ మూడో మాటను ఎర్ర పెన్నుతో రాసుకోండి. అక్కడ అతను నేరం కాదంటున్నాడు, ఆనవాయితీ అంటున్నాడు.

ఆనవాయితీ అంటే నాకు మా అవ్వ గుర్తొస్తుంది.

మాది పాకాల దగ్గర పల్లె. మెట్ట చేలల్లో శెనక్కాయ వేసేవాళ్ళు. కార్తీకంలో చెట్టు పీకి, కాయ కోసుకుని, కట్టె వామి వేసిన తరువాత నేలలో తెగిపోయిన కాయలు మిగులుతాయి. వాటిని ఆడవాళ్ళు, పిల్లలు తవ్వి ఏరుకుంటారు. దాన్ని పరిగె అంటాం. పీకే పనికి వచ్చినవాళ్ళకే పరిగె ముందు, అది ఎవరూ రాయని లెక్క. ఒక ఏడు చేను అయ్య పరిగె లేదన్నాడు, రెండోసారి దున్ని మిగిలిన కాయ తానే ఏరించుకుంటానన్నాడు. అవ్వకు ఆ మాట అందలేదు. సాయంత్రం బండిబాటలో ఆపి, కొంగు ముడి విప్పించి, కాయలు కుప్ప మీద పోయించాడు. వారం కూలి ఇవ్వలేదు. అవ్వ చనిపోయే ముందు ఏడు అడిగితే కూడా "మూడు పడులబ్బా, ఎక్కువ లే" అని లెక్క చెప్పింది. ఆ రోజు గురించి ఏ పోలీసు స్టేషన్‌లోనూ, ఏ కోర్టులోనూ కాగితం ముక్క లేదు.

ఇంగ్లండ్‌లో ఇదే గొడవ కోర్టుకెక్కింది. సఫోక్ కౌంటీలోని టిమ్‌వర్త్ అనే ఊళ్ళో మేరీ హాటన్ అనే ఆవిడ జేమ్స్ స్టీల్ చేలో పరిగె ఏరింది. 1788లో కామన్ ప్లీస్ కోర్టు, పరిగె ఏరుకునే హక్కు దేశ న్యాయంలో ఎవరికీ లేదని తేల్చింది. నలుగురు జడ్జీల్లో గూల్డ్ ఒక్కడు ఒప్పుకోలేదు. తీర్పు వచ్చినా పరిగె ఆగలేదు. తరువాత నూరేళ్ళ దాకా ఎన్నో ఊళ్ళలో చర్చి గంట కొడితే ఆడవాళ్ళు చేలోకి దిగేవాళ్ళు, సాయంత్రం గంట కొడితే బయటికి వచ్చేవాళ్ళు. చేలో ఒక్క కట్ట నిలబెట్టి ఉంచితే పరిగెకు ఇంకా వదల్లేదని గుర్తు. కొన్ని ఊళ్ళలో ఆ కట్టకు 'పోలీసు' అని పేరు. కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒక ఆడమనిషి మీద గింజల కేసు కనిపిస్తే, ఆ ఊళ్ళో గంట ఎప్పుడు కొట్టేవారు, కట్ట ఉందా తీశారా అన్న సంగతి పత్రికలో ఎక్కడైనా ఉందేమో చూడకుండా పేరా రాయొద్దు.

ఇంతకంటే నన్ను కదిలించేది గుర్రాల కేసు. బండి తోలే పనివాడు, లేదా దుక్కి గుర్రాలు చూసుకునేవాడు, యజమాని గాదెలోంచి ఓట్స్ గానీ బీన్స్ గానీ ఎక్కువ తీసి యజమాని గుర్రాలకే పెట్టేవాడు. తన ఇంటికి గింజ పట్టుకెళ్ళడు. తన చేతి కింది జత ఊళ్ళోకెల్లా నిగనిగలాడాలని అతని పట్టుదల. న్యాయస్థానాలు దాన్ని కూడా దొంగతనమేనన్నాయి. చివరికి 1863లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, ఇది ఫెలనీ (అంటే పెద్ద నేరం) కాదు, మూడు నెలల దాకా జైలు లేదా 5 పౌండ్ల దాకా జరిమానా చాలు అంది. శిక్ష పూర్తిగా తీసేయలేదు. మా ఊళ్ళో జీతగాళ్ళు ఎద్దులకు ఉలవలు దోసెడు ఎక్కువ ఉడకబెట్టడం నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. ఇంటి అమ్మ చూసి కూడా చూడనట్టు పోయేది. ఈ రకం కేసు దొరికితే దాన్ని 'దొంగిలించిన ధాన్యం' అన్న గడిలో కలిపేయకండి. వేరే గడి పెట్టండి.

నెల చూడండి, కట్టెలు చూడండి

మన పద్దు జనవరిది. చలికాలంలో పాత రోజుల్లో కొట్టంలో కట్టెలతో కంకులు కొట్టి గింజలు రాల్చే పని కూలీలకు నెలల తరబడి ఉండేది. నూర్పిడి యంత్రాలు వచ్చి ఆ పనిని మింగాయి. 1830లో దక్షిణ కౌంటీల్లో కూలీలు ఆ యంత్రాలను పగలగొట్టారు. 19 మందిని ఉరి తీశారు, దాదాపు 500 మందిని సముద్రం దాటించారు. 1834లో కొత్త బీదల చట్టం వచ్చి, సాయం కావాలంటే వర్క్‌హౌస్ (బీదలను ఉంచి పని చేయించే ఇల్లు) లోపలికి రమ్మంది. జనవరిలో కొట్టంలోంచి గింజలు తీసినవాడి వెనక ఇదంతా ఉంది. మీ పద్దులో నెల లేకపోతే ఏ సెషన్స్ అన్నది చూసి తెలుసుకోవచ్చు. ఎపిఫనీ అంటే జనవరి, ఈస్టర్ అంటే మార్చి ఏప్రిల్, మిడ్‌సమ్మర్ అంటే జూన్ జూలై, మైకల్‌మస్ అంటే అక్టోబరు.

కట్టెల కేసుకు ఉమ్మడి భూములకు కంచెలు వేసిన చరిత్ర చదవాలి. నిన్నటిదాకా పుల్లలు ఏరుకున్న బీడు ఇవాళ ఒకరి సొంతమైంది. విల్ట్‌షైర్‌లోని గ్రేట్ విష్‌ఫర్డ్ ఊరివాళ్ళు మాత్రం గ్రోవ్‌లీ అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కును ఈనాటికీ నిలబెట్టుకున్నారు, ప్రతి ఏడూ మే 29న కొమ్మలు పట్టుకుని ఊరేగుతారు.

అందరినీ వీరులను చేయొద్దు

ఇంత చెప్పాక పిల్లలు రెండో వైపుకు జారుతారు. దొంగతనమంతా తిరుగుబాటే అని రాస్తారు. నేను ఒప్పుకోను. ఒంటరి ముసలామె పెరట్లో బంగాళాదుంపలు తవ్వుకుపోయినవాడు ఉన్నాడు. పక్కింటి కూలి కోడిని పట్టుకుపోయి అమ్ముకున్నవాడు ఉన్నాడు. గుంపులు కట్టి గొర్రెలు కొట్టుకుపోయి పట్నంలో అమ్మినవాళ్ళు ఉన్నారు. గొర్రెల దొంగతనానికి 1832 దాకా చట్టంలో ఉరిశిక్ష ఉండేదని గుర్తుంచుకుంటూనే ఈ సంగతి రాయాలి. ఎవరి దగ్గర తీశాడన్న ప్రశ్న ఎంత తీశాడన్న ప్రశ్న కంటే ముందు వేసుకోండి. బాధితుడి వృత్తికి మీ పట్టికలో ఒక నిలువు వరస ఉండి తీరాలి.

కోర్టుదాకా రానివి ఎన్నో ఉన్నాయని కూడా మరవకండి. ఆ కాలంలో చాలా వరకు కేసు నడిపించేది సొమ్ము పోగొట్టుకున్నవాడే. తిరుగుడు, ఖర్చు అతనివే, కొంత తరువాత తిరిగి వచ్చినా సరే. అందుకే కొన్ని ఊళ్ళలో యజమానులు చందాలు వేసుకుని దొంగల మీద కేసులు పెట్టే సంఘాలు కట్టుకున్నారు. మిగతావాళ్ళు పని మానిపించి, కూలి కోసి, ఇల్లు ఖాళీ చేయించి ఊరుకునేవాళ్ళు. మా అవ్వను పట్టిన అయ్య చేసినట్టే.

ఎక్కడ వెతకాలి

ఓల్డ్ బెయిలీ అనే లండన్ క్రిమినల్ కోర్టు రికార్డులు ఉచితమే కానీ అవి ఎక్కువగా లండన్ చుట్టుపక్కలవి, పల్లె కోసం వాటినే నమ్ముకోవద్దు. క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్‌ఓ 27 అనే వరసలో 1805 నుంచి 1892 దాకా కౌంటీలవారీగా ముద్దాయిల జాబితాలు ఉన్నాయి. కొన్నేళ్ళ పుస్తకాల్లో వయసు, చదువు వచ్చా రాదా అన్నది కూడా రాశారు. కౌంటీ రికార్డు ఆఫీసుల కేటలాగులను విడిగా చూడాలి. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో వెతకడానికి డబ్బు అక్కర్లేదు, చాలా పేజీలు తెరవడానికి కావాలి. ముగ్గురు కలిసి ఒక నెలకు కట్టుకుని, ముందే జాబితా రాసుకుని కూర్చోండి. 'దొంగతనం' అన్న మాట కొట్టి వెతికితే సముద్రం మీద పడుతుంది. వస్తువు పేరుతో వెతకండి: టర్నిప్స్, ఫాగట్స్ (కట్టెల మోపులు), పెక్, ఓట్స్.

చివరగా మాటల సంగతి. తీర్పు రాకముందు అతన్ని 'దొంగ' అని రాయకండి, 'ముద్దాయి' అనండి. తీర్పు వచ్చాక కూడా 'కూలి' అన్న మాట వదలొద్దు, పద్దులో అతని వృత్తి అదే. మా ఊళ్ళో ఆ అయ్యగారి ఇంట్లో ఇప్పటికీ ఆ సాయంత్రాన్ని "కాయలు దొంగతనం పట్టిన రోజు" అంటారు. అవ్వ "పరిగె పారబోసిన రోజు" అనేది. మీ అధ్యాయంలోనూ ఒక సంఘటనకు రెండు పేర్లు దొరికితే రెండూ రాసి, ఏది ఎవరి నోట వచ్చిందో పక్కనే రాయండి. ఆర్కైవ్ నంబరు, పేజీ నంబరు ఫుట్‌నోట్‌లో అదే రోజు వేసుకోండి, మరుసటి వారం వెతికితే దొరకదు.